తెలుపుకు రెండో సగం

మా ముత్తాత వెంకటరామారావు దొర మూసీ ఒడ్డున మూడు ఊళ్లకు పెద్ద. ఆయన కొడుకు నరసింహారావు గుర్రం దిగకుండానే తగవులు తీర్చేవారట. ఆయన కొడుకు, మా నాన్న రాఘవరావు, భూములు పోయాక సరూర్‌నగర్ చెరువు దగ్గర మేడ కట్టుకుని, చివరిదాకా ఇస్త్రీ మడత నలగకుండా బతికారు. నేను వాళ్ల వారసుణ్ణి. ఎవరని అడిగిన వాళ్లకు ఈ మూడు పేర్లూ వరసగా చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో కింద నడుస్తుంటే ఒక దుకాణం తలుపు తెరుచుకుని ఏసీ చల్లగాలి ముఖానికి తగిలింది. దాంతో పాటే ఎండుగడ్డి వాసన, మెత్తటి బూడిద వాసన. ఆ మూడూ కలిసిన చోటు నేనెరిగినంతలో ఒక్కటే, మా మేడ మీద అన్నపూర్ణ గారి గది. లోపలికి వెళ్లాను. పెంపుడు జంతువులు అమ్మే కొట్టు. పంజరంలో ఒక చించిల్లా కూర్చుని ఉంది. "ప్యూర్ వైట్ సార్, ఒక్క మచ్చ లేదు" అన్నాడు దుకాణదారు. నేను వంగి దాని వీపు మీద నెమ్మదిగా ఊదాను.

ఊదడం అన్నపూర్ణ గారు నేర్పింది. ఆవిడది కాకినాడ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. పై భాగం కిరాయికి అడగడానికి వచ్చినప్పుడే, ఒక గదిలో పగలూ రాత్రీ ఏసీ నడుస్తుందని, అది తన కోసం కాదని ముందే చెప్పారు. చించిల్లాలు చలికొండల జీవులు. చూడడానికి కుందేలుకూ ఉడుతకూ మధ్య ఉంటాయి. నీళ్లలో తడవకూడదు, గిన్నెలో పోసిన సన్నటి దుమ్ములో దొర్లి స్నానం చేస్తాయి. మన ఎండకు ఒక్క పూట కూడా ఆగలేవు.

మొదటిసారి పైకి వెళ్లిన రోజు వాటిలో తెల్లగా ఉన్నదాన్ని చూపించి, ఇది మేలుజాతిది, చూడగానే తెలుస్తోంది అన్నాను. ఆవిడ నవ్వలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, వెంట్రుకలు పాయలుగా విడిపోయేటట్టు ఊదారు. తోక మొదట్లో, చెవి వెనక, లోపలెక్కడో బూడిద రంగు కనిపించింది.

"ఇలా మచ్చలుగా ఉంటే మొజాయిక్ అంటామండీ. అదే బూడిద ఒళ్లంతా సమంగా చల్లినట్టుంటే సిల్వర్. లేతగోధుమ రంగు కలిస్తే పింక్ వైట్. నలుపు కలిస్తే ఎబొనీ వైట్. ఉత్త తెలుపు అంటే సగం పేరే రావుగారూ. రెండో సగం రెండో వైపు నుంచి వస్తుంది."

మూలన కూర్చున్న మామూలు బూడిద రంగు ఆడదాన్ని ఏమంటారని అడిగాను. స్టాండర్డ్ అన్నారు. మిగిలిన రంగులన్నీ దానితో పోల్చి పెట్టిన పేర్లేనట. ఆ మాట నాకు నచ్చలేదు. అయినా మర్నాడు మళ్లీ పైకి వెళ్లాను. తర్వాత అదే అలవాటైంది. సాయంత్రాలు ఆవిడ ఒక్కొక్కదాన్ని చేతికిచ్చి పేరు చెప్పమనేవారు. తొందరపడి చెబితే తిరిగి తీసుకునేవారు. "కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడండి. ట్యూబులైటు కింద అన్నీ గొప్పవే."

ఆ రోజుల్లోనే మా చెల్లెలు సుగుణ పెళ్లి మాట వచ్చింది. ఎల్‌బీ నగర్‌లో ఒక దవాఖాన ల్యాబులో తను పని చేసేది. అక్కడే పని చేసే శ్రీకాంత్‌ను చేసుకుంటానంది. వాళ్ల నాన్న యాదయ్య బాటసింగారం పండ్ల మార్కెట్‌కు లారీలు తిప్పుతాడు. ఆయన ఒక బుట్ట బత్తాయిలతో మా ఇంటికి వచ్చాడు. మా ముందు హాల్లో మేనా ఉండేది. మా ఇంటి ఆడపిల్లలు అత్తవారింటికి అందులోనే వెళ్లేవారు, అదీ మా ఇంటితో కలిపి సమానమైన నాలుగు ఇళ్ల మధ్యే. ఆయన దాని పక్కనే నిలబడి, కూర్చోమన్నా కూర్చోలేదు. నేను మా మూడు పేర్లూ చెప్పి, మీదెవరి వంశమని అడిగాను.

"మాదేం వంశం సారూ. మా నాయన బండి తోలిండు, నేను లారీ తోలిన. పిల్లగాడైతే మంచోడు. ఇగ మీరు ఎట్లంటే అట్ల."

ఆలోచించి చెబుతానన్నాను. ఆయన వెళ్లాక సుగుణ వంటింటి గుమ్మంలో నిలబడి నెమ్మదిగా చెప్పింది. "ఆలోచించు అన్నా. కానీ నువ్వు కాదంటే నేను ఇంకెవరినీ చేసుకోను. గా నాలుగు ఇండ్లల్ల ఇప్పుడు ఎవరున్నరు?" నిజమే. వాటిలో రెండు ఇళ్లకు తాళాలు పడ్డాయి. మూడో ఇల్లు లేదు. నాలుగోది మాదే.

మనసు బాగాలేక పైకి వెళ్లాను. ఏదో ఒకటి మాట్లాడాలని, ఈ తెల్ల మగదానికి తెల్ల ఆడదాన్నే తెచ్చి జత చేయొచ్చుగా, మచ్చలేని సంతానం వస్తుంది అన్నాను.

"చేయమండీ. ఈ తెలుపు రెండు వైపుల నుంచీ చేరితే ఆ పిల్ల కడుపులోనే కరిగిపోతుంది. మీరు చూసే ఇలాంటి ప్రతి తెల్లదానికీ తల్లి నుంచో తండ్రి నుంచో వేరే రంగు వచ్చే ఉంటుంది."

మా ఇంటి సంగతి ఆవిడ చెవిన పడిందనుకుని నాకు కోపం వచ్చింది. ఎవరి గురించి చెబుతున్నారని అడిగాను. ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయారు. "చించిల్లాల గురించేనండీ. మనుషులకు అంటించకండి, అది తప్పుడు సైన్సు." ఆ తర్వాత గడ్డి సర్దుతూ, కొత్త చించిల్లా పిల్లకు తల్లి ఏదని అడిగినట్టే అడిగారు. "మీ ముత్తాత గారు సరే. వాళ్లావిడ పేరేంటి?"

నాకు తెలియదు.

కింద మా మేనత్తను అడిగాను. ఇంట్లో అందరికంటే పెద్దది ఆవిడే. చాలాసేపు గుర్తు చేసుకుని, "దొరసాని అనేటోళ్లం. పేరు పెట్టి ఎవరు పిలుస్తరురా?" అంది. ఏ ఊరి పిల్ల, ఎవరి బిడ్డ అన్నా తెలియదంది. మా నాన్న తల్లి పేరు మాత్రం సుభద్రమ్మ అని చెప్పింది. నేను ఇంతకాలం వరసగా చెప్పుకున్నది సగం పేరని అప్పుడు తెలిసింది. మిగతా సగంలో ఎవరున్నారో చెప్పగలిగిన మనిషి లేరు. చూడని దానికి పేరు పెట్టడం అన్నపూర్ణ గారి గదిలో కుదరదు. కింద మాత్రం ఎలా కుదురుతుంది?

మర్నాడు బాటసింగారం వెళ్లాను. లారీల మధ్య యాదయ్య భార్య అన్నం గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. నమస్కారం చేసి, అమ్మా, నీ పేరేంటి అని అడిగాను. తన పేరు ముందుగా అడిగిన వాళ్లు లేరేమో, భర్త వైపు చూసింది. "చెప్పు, సారు నిన్నే అడుగుతుండు" అన్నాడాయన. మల్లమ్మ అంది. మల్లమ్మ కొడుక్కి మా సుగుణను ఇస్తామని చెప్పాను.

మేనా సంగతి వస్తే సుగుణ నవ్వింది. "దాంట్ల కూసుంటే నడుం పట్టేస్తది అన్నా." కారులోనే వెళ్లింది. అన్నపూర్ణ గారు పెళ్లికి వచ్చి, ఏసీ గది వదిలి ఎక్కువసేపు ఉండలేనని అన్నం తిని పైకి వెళ్లిపోయారు. రెండేళ్ల కిందట కాకినాడలో పోయారు. మా మేడ మీద ఇప్పుడు వేరే వాళ్లు కిరాయికి ఉన్నారు.

దుకాణంలో ఊదినప్పుడు చెవి వెనక బూడిద కనిపించింది. ఇది మొజాయిక్, దీని తల్లి ఏ రంగు అని అడిగాను. దుకాణదారు తెలియదన్నాడు. కనుక్కుని ఉంచమని చెప్పి వచ్చేశాను. ఇప్పుడు నన్ను ఎవరైనా మీరెవరి వాళ్లు అని అడిగితే సుభద్రమ్మ మనవణ్ణి అని మొదలుపెడతాను. ఆవిడ వెనక ఒక పేరు ఖాళీగా ఉందని కూడా చెబుతాను. తల వంచి మాత్రం చెప్పను.

మేనాను ఎల్‌బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాలు వాళ్లకు అమ్మేశాం. ముహూర్తాల రోజుల్లో అడిగిన వాళ్లందరికీ అద్దెకిస్తున్నారు.