ఆమె చెయ్యని సాయం

నా భార్య చనిపోయింది. ఆ రోజు మామూలుగానే లేచింది. కాఫీ కలిపింది. గోరుచిక్కుళ్ళు తుంచుతూ ఎడమ చెయ్యి లాగుతోందని అంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. దారిలో ఒక్క మాటే మాట్లాడింది. "నాగమణికి ఫోన్ చెయ్యొద్దు. డ్యూటీలో ఉంటాది." మధ్యాహ్నం దాటాక డాక్టరు బయటికి వచ్చి నన్ను కూర్చోమన్నాడు. నాగమణికి డ్యూటీ అయ్యాకే చెప్పాను.

మీలో కొందరికి ఆమె టీచరుగా తెలుసు. తిరుపతిలో, బుద్ధి నిదానంగా వికసించే పిల్లల బడిలో పనిచేసింది. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఏమవుతారని ఎవరూ అడిగేవారు కాదు. ఇంట్లో ఒక మూల కూర్చుంటారు. పెడితే తింటారు. రిటైరయ్యాక ఆమె ఆ ప్రశ్న పట్టుకుంది. మా వెనక వీధిలో చిన్న ఇల్లొకటి, ఆ బడిలో తన దగ్గర చదివిన నాగమణి, మేరీల పేరునే అద్దెకు ఇప్పించింది. ఇద్దరికీ ముప్పై దాటాయి. నాగమణి ఒక లాడ్జిలో దుప్పట్లు మడతపెడుతుంది. మేరీ ఒక మెస్సులో కూరగాయలు తరుగుతుంది. వంట, బట్టలు, ఇంటి తాళం అన్నీ వాళ్ళవే. నా భార్య రోజూ ఒకసారి పోయి వచ్చేది.

పోయి ఏం చేస్తుందని బంధువులు అడిగేవారు. ఏమీ చేసేది కాదు. అదే ఆమె పని. మేరీ గ్యాసు ముట్టించేటప్పుడు పక్కన నిలబడి, తన చెయ్యి ముందుకు పోకుండా కొంగు పిడికిట్లో బిగించి పట్టుకునేది. సాంబారులో ఉప్పు రెండుసార్లు పడితే, ఆ సాంబారే వాళ్ళతో కూర్చుని తినేది.

"చెప్పొచ్చు కదా?" అన్నానొకసారి.

"నాలుక చెప్తానే ఉండాది. మధ్యలో నేనెందుకు?" అంది.

నాగమణి ఒంటరిగా బస్సులో పనికి పోవడం మొదలుపెట్టిన కొత్తలో ఒక సాయంత్రం ఇల్లు చేరలేదు. ఫోన్ చేస్తే చంద్రగిరిలో ఉన్నానంది. వేరే బస్సు ఎక్కేసింది. నేను స్కూటరు తాళం తీసుకున్నాను. నా భార్య నింపాదిగా ఫోనులో అడుగుతోంది.

"పక్కన ఎవురుండారు మే?"

నాగమణి ఏదో చెప్పింది.

"ఆ కండక్టరన్ననే అడుగు, తిరుపతి బస్సు యాడ నిలుస్తాదో."

ఫోన్ పెట్టేసి నా చేతిలో తాళం చూసింది. "మీరు పోతే ఆమె ఇంకెప్పుడూ బస్సెక్కదు. కూర్చోండి."

ఇద్దరం వచ్చి బస్టాపులో కూర్చున్నాం. ఆమెకు భయం లేదనుకున్నాను. చెయ్యి పట్టుకుంటే చల్లబడి ఉంది. ఒక్కో బస్సు వచ్చి పోతుంటే ఆ చెయ్యి నా వేళ్ళను ఇంకా బిగించి పట్టుకుంది. మనిషి మాత్రం కదలలేదు. అంత భయాన్ని అణుచుకుని అట్లా కూర్చోగల మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశానని ఆ బల్ల మీద తెలిసింది.

నాగమణి జామకాయలతో దిగింది.

"యాడికి పోయినావు మే?"

"చంద్రగిరికి. కోట గూడా సూసినా."

"నన్ను పిలవకుండానే?"

"నువ్వు బస్సెక్కలా గదా టీచరమ్మా. నేనేం చేసేది?"

ఆ మాట తలుచుకుని నా భార్య ఇల్లు చేరేదాకా నవ్వింది.

ఈ రోజు పెద్దకర్మ అయింది. ఐరాల నుంచి నాగమణి అన్న వచ్చాడు. సేద్యం చేసుకునే మనిషి, చెల్లెలంటే ప్రాణం. భోజనాలయ్యాక నా పక్కన కూర్చున్నాడు.

"టీచరమ్మ ఉండాదని ధైర్యంగా ఉంటిమి సార్. ఇప్పుడెవురుండారు? చెల్లెల్ని ఇంటికి తోడుకోని పోతా."

మేరీ విన్నది. "ఆమె పోతే దోసె తిప్పేదెవురు? నాకు పెనమంటే భయం."

"నువ్వుండమ్మా," అని ఆయన నా వైపే చూశాడు. "మీరేమంటారు సార్?"

నోటి దాకా చాలా మాటలు వచ్చాయి. "నన్ను కాదప్పా, ఆమెను అడుగు," అన్నాను.

నాగమణి విస్తళ్ళు ఎత్తుతోంది. చేతులు కడుక్కుని వచ్చింది.

"నేను రాను, అన్నా. నాకు పనుండాది. ఇల్లుండాది."

"నీకేం తెలుస్తాది మే?"

"నువ్వు మా ఇల్లే సూడలా. రేపు పొద్దున టిఫినుకు రా. సూసినాక చెప్పు."

అన్న తల దించుకున్నాడు. నిజంగానే ఆయన ఎప్పుడూ ఆ గడప దాటలేదు. చివరికి, "సరే, సారూ నేనూ వస్తాంలే. పోయేదీ ఉండేదీ ఆడనే తేల్చుకుందాం," అన్నాడు.

"సారొద్దు. సారుంటే నువ్వు ఆయనతోనే మాట్లాడతావు. నువ్వొక్కడివే రా."

నా భార్య ఈ మాట వినాల్సింది.

అన్న ఈ పూటకు మా ఇంట్లోనే ఉన్నాడు. రేపు పొద్దున ఆయన్ని వాళ్ళ వీధి మలుపు దాకా తీసుకువెళ్తాను. ఇల్లు చూపించి వెనక్కి వచ్చేస్తాను. నన్ను పిలవలేదు.