ఎండ వెంట జరిగిన కుర్చీ

నొప్పి తగ్గితే లోటు తీరినట్టేనా? నాలుగేళ్లుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. దీన్ని నాలో నాటిన మా చిన్నాయన పోయిన వారం కొత్తగూడెంలో చనిపోయాడు. స్నానాలగదిలో జారిపడితే తుంటి విరిగింది. ఆపరేషన్ తర్వాత నిమ్ము చేరింది. మంచం దిగలేదు.

ముప్పై ఏళ్లకు పైగా బొగ్గుబాయిలోకి దిగిన మనిషి. చీకటితో వెళ్లి, పైకొచ్చాక ఇంత తిని పడుకునేవాడు. "ఎండ నాకు ఆదివారం వచ్చే సుట్టం బిడ్డా" అనేవాడు.

రిటైరయ్యాక నడుమూ తొడలూ ఒకటే లాగుతుంటే రక్తపరీక్ష చేయించాం. విటమిన్ డి తొమ్మిది. కాలేజీలో పాఠాలు చెప్పేదాన్నని కాగితం నా చేతికిచ్చాడు.

"ఇరవైకి తక్కువుంటే లోటే చిన్నాయనా."

"గిన్నే మార్కులొస్తే మా అయ్య తోలు తీసేటోడు" అని నవ్వాడు.

డాక్టరమ్మ వారానికొకటి చొప్పున ఎనిమిది పొడి పొట్లాలు రాసింది. పొద్దెక్కాక కాసేపు చేతులూ కాళ్లూ ఎండకు పెట్టమంది. మందు ఎక్కువైనా ముప్పే కాబట్టి, మూడు నెలలకు మళ్లీ రక్తం చూపించమంది.

ఆ రోజు నుంచి వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ. గోడ నీడ దగ్గరికొచ్చిన కొద్దీ కాలితో వెనక్కి జరుపుకునేవాడు.

"వడియాలు రెండు దినాలల్ల ఎండుతయి. నువ్వెప్పుడు ఎండుతవయ్యా?" అనేది చిన్నమ్మ.

"ముప్పై ఏండ్ల చీకటే. జల్దీ పోతదా?"

నొప్పులు తగ్గాయి. మూడో నెలలో ఫోన్ చేశాడు. "నంబర్ ఎంతయిందో చూపిద్దామా?" బాయి దిగేటప్పుడు తమ నంబరున్న బిల్ల ఇచ్చి టోపీ లైటు తీసుకునేవారట. పైకొచ్చాక బిల్ల తిరిగి తీసుకోకపోతే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. "నంబర్ చూడకుండ మనిషి పైకొచ్చిండు అనొద్దు బిడ్డా."

నా ముందు దిద్దాల్సిన పేపర్ల కట్ట ఉంది. "నొప్పి లేదు కదా చిన్నాయనా, మళ్లీ సూది ఎందుకు?" అన్నాను. చదువుకున్నదాని మాట కదా, నమ్మాడు. మళ్లీ అడగలేదు. కుర్చీ మెల్లగా వరండాలోకి చేరింది.

నాలుగేళ్లకు, తుంటి విరిగాక దవాఖానాలో మళ్లీ రక్తం చూశారు. పదకొండు.

"ఎంతున్నది?" అన్నాడు మంచం మీంచి.

"బాగానే ఉంది."

"అయితే పైకొచ్చినట్టేనా?"

"అవ్ చిన్నాయనా."

కళ్లు మూసుకున్నాడు. ఆయనతో నేను ఆడిన చివరి మాట అబద్ధం.

ఈ వయసులో ఎముక విరగడానికి కారణం ఒక్కటే ఉండదని అక్కడి డాక్టరు అన్నాడు. అది నిజమో, నా మొహం చూసి అన్నాడో తెలియదు. తప్పు తడి నేలదా, నా మాటదా? ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

నిన్న చిన్నమ్మ ఆ కుర్చీని వాకిట్లో పెట్టింది. పదకొండింటికి దాని నిండా ఎండ. మేమిద్దరం గడపలో కూర్చుని చూస్తుండగానే నీడ కుర్చీ కాళ్ల దాకా వచ్చింది, పైకెక్కింది. ఎవరమూ లేచి జరపలేదు.