కొండమ్మ బొటనవేలు, కొల్హాపూర్ ఇంజన్లు

అప్పలకొండమ్మ ఒంటిచేత్తో, అదీ బొటనవేలితో, ఇంజన్ల ఫ్యాక్టరీ ఒకదాన్ని హౌరా నుంచి కొల్హాపూర్ దాకా తోసేసింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. నమ్మనివాళ్లు హౌరాలో మా టికియాపారా బస్తీకి వచ్చి ఎవరినైనా అడగండి. అందరూ నా దగ్గరికే పంపిస్తారు. ఈ సంగతి నాకంటే బాగా చెప్పేవాడు హుగ్లీకి ఈ ఒడ్డున లేడు, ఆ ఒడ్డున ఇంకా పుట్టలేదు.

మనిషిని చూస్తే అంత బలం ఉందనిపించదు. పంపు దగ్గర నిండు బకెట్టు పక్కన నిలబడితే బకెట్టే పొడుగ్గా కనిపిస్తుంది. రైల్వేలో పనిచేసే భర్త పోయాక దత్తబాబు ఫౌండ్రీలో చేరింది. ఫౌండ్రీ అంటే ఇనుము కరిగించి ఇసుక అచ్చుల్లో పోసే రేకుల షెడ్డు. మగవాళ్లు ముందు పోతపోస్తారు. వెనక పెరట్లో ఆడవాళ్లు చల్లారిన సరుకుకి ఇసుక దులిపి, అంచులు రాసి, చివర్న కన్నాలు పూడుస్తారు. పోతలో గాలి ఇరుక్కుంటే ఇనుములో గుంటలు పడతాయి మరి. మైనం, గుగ్గిలం, ఇనుపరజను కలిపి వేడిచేసి, గుంటలో బొటనవేలితో అదిమి, పైన మసి రాస్తే బ్రహ్మదేవుడు కూడా ఆనవాలు పట్టలేడు. అక్కడ దాని పేరు మసాలా. మ్యాన్‌హోల్ మూతైనా, పంపు తొడుగైనా మసాలా పడకుండా దత్తబాబు గేటు దాటనిచ్చేవాడు కాదు. ఆ పనిలో కొండమ్మను మించినవాళ్లు లేరు. చంద్రుణ్ణి తెచ్చి పెరట్లో పడేస్తే సాయంత్రానికి నున్నగా చేసి పంపేది.

పోయిన చలికాలానికి ఫౌండ్రీ మూతపడే స్థితికి వచ్చింది. షెడ్డు పడగొట్టి గోడౌను కడదామని దత్తబాబు తమ్ముళ్లు ఒకటే గొడవ. సరిగ్గా అప్పుడు బ్యాటరీ లారీల కంపెనీ మనుషులు వచ్చారు. వాళ్లకి ఇంజన్లు కావాలి.

"బేటరీ లారీకి మల్లీ ఇంజనేటిరా?" అని కొండమ్మ కొడుకునడిగింది. కొడుకు కామేష్ అదే ఫౌండ్రీలో అచ్చులు కట్టి పోతపోస్తాడు.

"దారిలో సార్జింగ్ అయిపోతే లారీని నువ్వొచ్చి తోస్తావేటి? లోపల సిన్న ఇంజనుంటాది. సక్రాన్ని ముట్టుకోదు. బేటరీకి కరెంటు పోస్తాదంతే."

"ముట్టుకోందానికి ఇంత హడావుడేటి!"

"అది వొస్తే మన షెడ్డు బతుకుతాదమ్మా."

ఆ చిన్న ఇంజన్లు ఎక్కడ చేయించాలో తేల్చుకోవడానికి కంపెనీ హౌరా, మహారాష్ట్రలోని కొల్హాపూర్ లాంటి కొన్ని ఊళ్లలో నమూనా పోయిస్తోంది. హౌరా పోత నచ్చితే పక్కనున్న పాత జూట్ మిల్లు స్థలంలో ఫ్యాక్టరీయే పెడతామన్నారు. వచ్చిన ఇంజనీరు సమీర కలకత్తా సాల్ట్ లేక్‌లో ఉండే తెలుగమ్మాయి. ఇక చూడండి, మా బస్తీలో ప్రతివాడూ ఆ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ అయిపోయాడు. నేనైతే ఏకంగా మేనేజర్నయ్యాను.

కామేష్ తిండి మానేసి నమూనా బ్లాకు మీద, అంటే ఇంజను మొండెం మీద పడ్డాడు. రెండు పోతలు పాడయ్యాయి. మూడోది అద్దంలా వచ్చింది, పైముఖం మీద చిన్న కన్నం తప్ప. ఎలా వచ్చిందో అలాగే ఉంచండి, ఏం ముట్టుకోవద్దు అని సమీర ముందే చెప్పింది. దత్తబాబుకి చెప్పింది, పోతపోసేవాళ్లకి చెప్పింది, అందరూ చాయ్ తాగుతూ తలూపారు. వెనక పెరట్లోకి వెళ్లి ఆడవాళ్లకి చెప్పాలని ఒక్కడికీ తోచలేదు. ఎప్పుడూ ఎవరూ ఏదీ చెప్పలేదు కాబట్టి. కాలిన చేతికి కట్టు కట్టించుకోవడానికి కామేష్ ఆస్పత్రికి వెళ్లాడు. బ్లాకు మామూలుగానే పెరట్లోకొచ్చింది.

కొడుకు పోసిన ఇనుములో కన్నం. పరాయివాళ్ల ముందుకి అలా పంపిస్తుందా? జన్మలో ఎన్నడూ పెట్టనంత బాగా మసాలా పెట్టింది.

మర్నాడు సమీర బ్లాకుని సలసలకాగే సబ్బునీళ్లతో కడిగించింది. మైనం కరిగింది. పైముఖం మీంచి నల్లటి చార ఒకటి కిందికి దిగింది.

"ఇది ఎవరు పూడ్చారు?"

పెరటి గుమ్మంలోంచి కొండమ్మ ముందుకొచ్చింది. "నానేనమ్మా. బాగా పట్టలేదేటి?"

"ఈ ముఖాన్ని మేం ఎలాగూ మిషను మీద చెక్కేస్తాం. కన్నం దాంతోపాటే పోయేది."

"అయితే సెక్కెయ్యండమ్మా, పోతాది."

"ఇంకా ఎక్కడెక్కడ పూడ్చారో నాకెలా తెలుస్తుందండీ?"

"ఇంకెక్కడా కన్నం నేదు తల్లీ. నా కొడుకు పోసినాడు."

సమీర కాగితాలు సర్దుకుని దత్తబాబుతో ఇంగ్లీషులో మాట్లాడింది. చేతికట్టుతో కామేష్ అక్కడే ఉన్నాడు. తల్లి వైపు తిరగలేదు.

ఇంజన్లు కొల్హాపూర్ వెళ్లిపోయాయి. షెడ్డు రేకులు పాత ఇనుము కొట్టుకి వెళ్లాయి. ఆ స్థలంలో లేచిన గోడౌనులో కామేష్ ఇప్పుడు మూటలు మోస్తున్నాడు. కొండమ్మ స్టేషన్లో ఊడుస్తుంది. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు. ఆమె వండుతుంది, వాడు తింటాడు. అన్నం చాలకపోతే గిన్నెను ముందుకి జరుపుతాడు తప్ప అమ్మా అనడు. ఆ మాట విని ఆమెకు ఏడాది కావస్తోంది.

మొన్న చాయ్ దుకాణం దగ్గర కొత్తగా వచ్చిన వాళ్లెవరికో ఈ కథ చెబుతున్నాను. ఈసారి కన్నాన్ని నుయ్యంత చేశాను, ఫ్యాక్టరీకి పొగగొట్టాలు కూడా పెట్టాను. అందరూ నవ్వుతున్నారు. చీపురు పట్టుకుని కొండమ్మ అటే వెళుతోంది. "రా పిన్నీ, ఫ్యాక్టరీని ఎలాగ తోసేసినావో నువ్వే సెప్పు" అన్నాను.

ఆగింది. చీపురు చంకలోకి మార్చుకుంది.

"ఫేట్రీ ఇక్కడికి రానేలేదు బావూ, నాను తొయ్యడానికి. నా కొడుకు పోసిందాన్లో కన్నం కనబడింది. పూడ్సినాను."