సెలవు అడగకుండా వెళ్ళిన రామన్న అంకుల్

2023 వేసవి మొదట్లో మాట. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, సర్రే అనే ఊళ్ళో, ఒక ఫిజీ కిరాణా కొట్టును ఆనుకుని ఉన్న చిన్న ట్రావెల్ ఆఫీసులో నేను టూర్ లీడర్‌గా పనిచేస్తున్నాను. టూర్ లీడర్ అంటే గైడ్ అనుకుంటారు చాలామంది. గైడ్ ఊరి సంగతి చెబుతాడు. టూర్ లీడర్ వెంట వచ్చిన మనుషుల సంగతి చూస్తుంది. ఎవరు తిన్నారు, ఎవరు అలిగారు, ఎవరి పాస్‌పోర్ట్ ఎవరి సంచిలోకి పోయింది, ఇవన్నీ నా నెత్తిమీద ఉండే పనులు. మాది రిసార్టుల బాపతు కాదు. వీపున బ్యాగు, ఊళ్ళమీదుగా పోయే మామూలు బస్సు, దొరికిన చోట భోజనం. మేము తీసుకెళ్ళే దేశాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఫిజీ.

ఆ రోజుల్లో సర్రేలో ఎటు చూసినా మన పిల్లలే. కాఫీ కౌంటర్ల వెనక, బేస్‌మెంట్ గదుల్లో, బస్‌స్టాపుల్లో వరంగల్ మాట, గుంటూరు మాట వినబడేవి. వాంకూవర్ నుంచి ఫిజీకి నేరుగా విమానం పడింది. ఇండియన్ పాస్‌పోర్ట్‌కి ముందుగా వీసా అక్కర్లేదు. ఇంకేం, సెమిస్టర్ అయిపోగానే మా తలుపు తోసుకుని వచ్చేవారు. వచ్చినవాళ్ళందరినీ నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మళ్ళీ కెనడాలోకి రావడానికి వీసా ఉందా?" స్టడీ పర్మిట్ ఉంటే చాలనుకునేవాళ్ళు చాలామంది. పర్మిట్ ఇక్కడ చదువుకోవడానికి మాత్రమే. గడప దాటినవాడు మళ్ళీ లోపలికి రావాలంటే పాస్‌పోర్టులో వీసా విడిగా బతికుండాలి. వెళ్ళడం తేలిక, తిరిగి రావడమే కష్టం అని ఆ పిల్లలకి చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది.

అలా వచ్చినవాళ్ళే సందీప్, హారిక. సందీప్‌ది నరసరావుపేట, ఎప్పుడూ ఆకలిమీద ఉండే మనిషి. హారికది హనుమకొండ, ఎప్పుడూ ప్రశ్నలమీద ఉండే మనిషి. ఇద్దరూ ఒకే కాలేజీ.

అదే వారం రామన్న అంకుల్ కూడా వచ్చారు. డెబ్భై దగ్గర పడిన మనిషి, ఫిజీలో పుట్టిన తెలుగాయన. వాళ్ళ ముత్తాతలు చెరకు పనికి ఓడెక్కి వెళ్ళినవాళ్ళు. ఇంట్లో మాట్లాడేది ఫిజీ హిందీ, తల్లి నేర్పిన తెలుగు కొంచెం. సర్రేలో సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. పక్క కొట్టుకి వచ్చినప్పుడల్లా మా ఆఫీసులో కాసేపు కూర్చునేవారు. ఆ రోజు కొత్త బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని వచ్చి నిలబడ్డారు, దాని అట్ట ఇంకా తీయలేదు.

"మీ దేశానికి మీకు టూరెందుకు అంకుల్?" అన్నాను.

"ఇన్నేళ్ళు బస్సు తోలినాను పద్మజమ్మా. నా వెనకాల కూర్చున్నోళ్ళు అందరూ వాళ్ళ చోట వాళ్ళు దిగినారు. నేను మాత్రం డిపోలోనే దిగినాను. ఒకసారి వెనక సీట్లో కూర్చోవాలి."

నవ్వాను. ఆయన నవ్వలేదు. భార్య లక్ష్మిగారు పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదని నాకు తెలుసు, అందుకని ఇంకేమీ అడగలేదు.

ఫిజీ బస్సుల సంగతి చెప్పాలి. కిటికీలకు అద్దాలుండవు. వానొస్తే టార్పాలిన్ దించుకోవడం, తగ్గితే చుట్టి పైకి కట్టుకోవడం. పాటలు ఎంత గట్టిగా పెడతారంటే పక్కవాడితో మాట్లాడాలన్నా చెవిలో అరవాలి. లౌటోకా పట్నం నుంచి ఉత్తరపు దారి పట్టామంటే ఎడమవైపు సముద్రం, కుడివైపు కొండలు, మధ్యలో పూతకొచ్చిన చెరకు. సందీప్ ఫోను కిటికీ బయట పెట్టి వీడియో తీస్తూనే ఉన్నాడు. డ్రైవర్ వెనక వరసలో కూర్చున్న అంకుల్ మాత్రం అతని కాళ్ళవైపే చూస్తున్నారు.

"క్లచ్ మీద కాలు తీయడంలేదు వీడు," అని గొణిగారు.

హారిక ముందుకు వంగింది. "అంకుల్, మీ ఊరు ఎక్కడుంటది?"

"ఈ దారిలోనే. ఇంకొంచెం పోతే వస్తాది. మనం ఆగంలే."

"ఎందుకాగం? చెయ్యెత్తితే ఆపుతున్నడు కదా అందరికీ?"

అప్పుడు చెప్పారాయన, పాటల హోరులో ముక్కలు ముక్కలుగా. ఫిజీలో చాలా పొలాలు అక్కడి ఫిజియన్ కుటుంబాలవి. మనవాళ్ళు వాటిని లీజుకు తీసుకుని, అక్కడే ఇల్లు కట్టుకుని, తరాల తరబడి చెరకు వేశారు. లీజు తీరితే లేవాల్సిందే. రామన్న అంకుల్‌ది కూడా తీరింది. పొడిగిస్తారనుకున్నారు, పొడిగించలేదు. పొలం ఆసామి కొడుకు సెరు, అంకుల్‌తో కలిసి చెరకు కొట్టినవాడు, ఒకే కంచంలో తిన్నవాడు. అలాంటివాడి ఇంటివాళ్ళే లేవమన్నారన్న కోపంలో అంకుల్ ఇంటి రేకులూ దూలాలూ విప్పి లారీకెక్కించి, ఊళ్ళో ఎవరికీ ముఖం చూపించకుండా వెళ్ళిపోయారు. తర్వాత కెనడా.

"లక్ష్మి అడిగేది. ఒకసారి బస్సులో తీసుకపో, మన ఇల్లు ఉన్న చోటు చూస్తాను, నా కరివేపాకు చెట్టు చూస్తాను అని. వచ్చే ఏడు, వచ్చే ఏడు అన్నాను." తల కిటికీవైపు తిప్పేసుకున్నారు. "ఇప్పుడు ఏ ముఖంతో దిగాలి? వాళ్ళు రావద్దంటే ఆ చోటు కూడా నాకు లేకుండా పోతాది. బస్సులోంచి చూస్తే చాలు."

కానీ పొద్దున లౌటోకా మార్కెట్లో ఆయన కాగితంలో చుట్టి రిబ్బను కట్టిన కవా మొక్క వేళ్ళ కట్ట కొనడం నేను చూశాను. ఆ వేళ్ళు దంచి నీళ్ళలో కలుపుకుని తాగుతారు. బస్సులోంచి చూసేవాడికి ఆ కట్టెందుకు? ఫిజీలో ఏ ఊళ్ళోకి అడుగుపెట్టినా ఆ కట్ట ఊరి పెద్ద ముందుంచి ప్రవేశం అడగాలి. దాన్ని సెవుసెవు అంటారు. పెద్ద దాన్ని చేతిలోకి తీసుకుంటే మనం అతిథులం. తీసుకోకపోతే వచ్చిన దారినే పోవాలి.

మా వృత్తిలో బఫర్ అని ఒకటి ఉంటుంది. అంటే బస్సు చెడిపోతేనో, ఎవరికైనా జబ్బు చేస్తేనో వాడుకోవడానికి ప్రయాణంలో ఖాళీగా అట్టేపెట్టుకునే సమయం. నేను దాన్ని పిసినారిలా దాచుకుంటాను. ఆ రోజు మొత్తం ఖర్చు పెట్టేశాను. మిగతా బృందాన్ని మా లోకల్ గైడ్‌తో ముందున్న బసకి పంపించి, నేను, అంకుల్, పిల్లలిద్దరూ ఆయన ఊరి దగ్గర రోడ్డుమీద దిగిపోయాం. అంకుల్ వద్దనలేదు, వేళ్ళ కట్ట మాత్రం గట్టిగా పట్టుకున్నారు.

బ్రీఫింగ్, అంటే ముందు జాగ్రత్తలు చెప్పడం, నా పని. "టోపీలు తీయండి. బ్యాగు భుజాన వేసుకుని ఊళ్ళోకి పోకూడదు, చేత్తో పట్టుకోండి. చెప్పులు బయట విడవాలి. కాళ్ళు మడుచుకుని కూర్చోవాలి." అన్నీ చెప్పాననే అనుకున్నాను. ఊరి మొదట్లో ఒకావిడ అరుగుమీద చేపలూ కర్రపెండలం దుంపలూ పెట్టుకుని తింటూ, మమ్మల్ని చూసి రండి, తినండి అని పిలిచింది. పొద్దుట్నుంచి ఆకలో ఆకలని చంపుతున్న సందీప్ చేతులడ్డం ఊపి, "నో నో, తిన్నామండీ," అనేశాడు. మనవాళ్ళ మొహమాటం! రెండోసారి అడుగుతారు, మూడోసారి బలవంతం చేస్తారు, అప్పుడు కూర్చోవచ్చు అని వాడి లెక్క. ఆవిడ సరేనని తల ఊపి తన ముక్క తాను నోట్లో వేసుకుంది.

"ఇంకోసారి అడగలేదేంటక్కా?" అన్నాడు దీనంగా.

సెరు ఇప్పుడు ఊరిపెద్ద. తల నెరిసిన భారీ మనిషి. మేము వెళ్ళేసరికి తన ఇంట్లో చాపమీద కూర్చుని ఉన్నాడు. అంకుల్‌ని చూసి లేవలేదు, నవ్వలేదు, కూర్చోమని చెయ్యి మాత్రం చూపించాడు. అంకుల్ మోకాళ్ళమీద కూర్చుని, వేళ్ళ కట్ట రెండు చేతులతో చాపమీద పెట్టి ముందుకు జరిపి, చెప్పాల్సిన మాటలు మెల్లగా చెప్పారు.

సెరు కట్టవైపు చూశాడు. ముట్టుకోలేదు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో సెవుసెవు తీసుకోని పెద్దని నేను చూడలేదు.

సందీప్ నా చెవి దగ్గరికి వచ్చాడు. "అక్కా, నేను చేపలు వద్దన్నందుకా?"

"నోర్ముయ్," అన్నాను.

"ఇది నేను తీసుకోను," అన్నాడు సెరు. మాట్లాడింది ఫిజీ హిందీలోనే. హిందీ రాని సందీప్‌కి హారిక గుసగుసగా తెలుగులో చెబుతోంది. అంకుల్ తల వంచుకుని లేవబోయారు.

"కూర్చో రామన్నా. ఇది బయటివాళ్ళు ఇచ్చేది. నువ్వు ఎప్పుడు బయటికి వెళ్ళావు?"

"అదేంటి సెరూ? ఇల్లు విప్పి లారీలో వేసుకుని పోయాను కదా."

"లారీ వెళ్ళడం చూశాను. నువ్వు వచ్చి చెబుతావని మా నాన్న కవా కలుపుకుని చీకటి పడేదాకా కూర్చున్నాడు. ఊరు విడిచేవాడు వచ్చి వేళ్ళు పెట్టి సెలవు అడగాలి. నువ్వు అడగలేదు, మేము ఇవ్వలేదు. ఇవ్వని సెలవుమీద ఎక్కడికి వెళ్ళావు నువ్వు?"

ఆ పద్ధతి పేరు ఇతాతౌ, సెలవు అడగడం. నాకు తెలిసిన సంగతే. కానీ అడగనివాడు ఇంకా ఊళ్ళోనే ఉన్నట్టని నాకెప్పుడూ తట్టలేదు.

సెరు మెడ చాచి గుమ్మంవైపు చూశాడు. "లక్ష్మి ఏది? రోడ్డుమీదే ఆగిపోయిందా?"

"లేదు సెరూ. పోయిన చలికాలంలో పోయింది."

బయట ఎక్కడో కోడి అరుస్తోంది. సెరు ముందుకు జరిగి అంకుల్ మోకాలిమీద చెయ్యి వేశాడు.

"తను కూడా సెలవు అడగలేదు రామన్నా," అన్నాడు.

హారిక ఆ మాట తెలుగులో చెప్పబోయి చెప్పలేకపోయింది. అంకుల్ ముఖం కప్పుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. టూర్ లీడర్ ఏడవకూడదని మా ఆఫీసులో ఎవరూ చెప్పలేదు.

ఇల్లు ఉన్న చోట అరుగు రాళ్ళు మిగిలాయి. వాటి వెనక కరివేపాకు. ఒక చెట్టు కాదు, పిలకలు వేసి వేసి చిన్న తోపయింది. సెరు భార్య రెమ్మలు తుంచుతూ, ఊళ్ళో చేపల కూరలో ఇదే వేస్తామని, దీన్ని లక్ష్మి ఆకు అంటామని చెప్పింది. ఆ పేరు ఒక మనిషిదని ఇప్పటి పిల్లలకి తెలియదట. అంకుల్ ఒక ఆకు నలిపి వాసన చూసి, దాన్ని చొక్కా జేబులో వేసుకోబోయి, మళ్ళీ చెట్టు మొదట్లోనే వదిలేశారు.

ఆ పక్కనే చాప వేసి, అంకుల్ తెచ్చిన కట్ట విప్పి, మామూలుగా ఇంటివాళ్ళు తాగినట్టే కవా కలుపుకున్నారు. సెరూ అంకులూ పాత చెరకు గొడవలన్నీ తవ్వుకుని ఒకరినొకరు తిట్టుకున్నారు. చేపల పళ్ళెం వచ్చింది. పెట్టమంటారా అని అడగడం పూర్తికాకముందే సందీప్ కూర్చున్నాడు.

మలుపు దగ్గర బస్సు హారన్ వినబడింది. నా బ్యాగులో ఇంకో వేళ్ళ కట్ట ఎప్పుడూ ఉంటుంది. అతిథుల తరఫున సెలవు అడగడం కూడా నా పనిలో భాగమే. తీసి అంకుల్ చేతికిచ్చాను. "ఇది పెట్టి చెప్పండి అంకుల్. అప్పుడు చెప్పలేదు, ఇప్పుడైనా పద్ధతిగా చెప్పి వెళ్దాం."

ఆయన కట్టని కాసేపు చేతుల్లో పట్టుకుని చూశారు. నా బ్యాగు జిప్పు తీసి, అందులోనే పెట్టి, జిప్పు మూసేశారు. లేచి చెప్పులు వేసుకుని రోడ్డువైపు నడిచారు. వెనక్కి చూడలేదు. సెరు కూడా లేవలేదు. గిన్నెలో కవా కలుపుతూ, ఎవరూ ఎక్కడికీ వెళ్ళనట్టే కూర్చున్నాడు. వాళ్ళిద్దరికీ అర్థమైంది మాకు బస్సెక్కేదాకా అర్థం కాలేదు.

"మళ్ళీ చెప్పకుండనే వచ్చేసినరు అంకుల్?" అంది హారిక.

"చెబితే వెళ్ళిపోయినట్టే కదమ్మా," అన్నారాయన, వెనక సీట్లో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని. "లక్ష్మీ నేనూ, ఇద్దరమూ."

ఈ వృత్తిలో మొదటి రోజు వెల్‌కమ్, ఆఖరి రోజు ఫేర్‌వెల్ తప్పనిసరి. డిన్నరు, ఉపన్యాసం, గ్రూప్ ఫొటో. అందరి చేతా బై చెప్పించి పంపడం బాధ్యత అనుకునేదాన్ని, ఎవరైనా తప్పించుకుంటే వెతికి మరీ చెప్పించేదాన్ని. ఆ ప్రయాణం తర్వాత ఆ అలవాటు మానేశాను. ఒక చోట అడుగుపెట్టేటప్పుడు ఎలా ఉండాలో నేను చెప్పగలను. ఎలా సెలవు తీసుకోవాలో, అసలు తీసుకోవాలో వద్దో, అది ఆ మనిషి ఇష్టం. ఆ ఇష్టాన్ని నా చేతిలోని కట్టతో తొందరపెట్టకూడదని రామన్న అంకుల్ నా బ్యాగు జిప్పు మూసినప్పుడు తెలిసింది.

మరుసటి ఏడు సందీప్‌కి దేశానికి అటు చివరనున్న బ్రాంప్టన్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్ళే ముందు రోజు మా ఆఫీసుకి వచ్చాడు. జంతికల డబ్బా మూత తీస్తుంటేనే చెయ్యి పెట్టాడు. కాలేజీ గురించి, చలి గురించి, కొత్త గది గురించి అదీ ఇదీ మాట్లాడాడు. డబ్బా ఖాళీ అయ్యాక లేచి, బ్యాగు తీసుకుని, వెళ్ళొస్తానని చెప్పకుండా తలుపు తెరుచుకుని వెళ్ళిపోయాడు.

నేనూ కంప్యూటర్‌మీంచి తలెత్తలేదు. అయితే తెరమీద ఏముందో మాత్రం ఒక్క అక్షరం కనిపించలేదు.