మూడు చుట్ల నట్టు, అనంతగిరి మలుపు

1986లో తాండూరు స్టేషన్ రోడ్డులో నాకు టైర్ల దుకాణం ఉండేది. పంచర్లు, లారీ టైర్లు, నాపరాయి మోసే ట్రాక్టర్ల చక్రాలు, అదే నా బతుకు. అల్లాయ్ వీల్ అన్న మాట ఊళ్లో నలుగురైదుగురికి తెలుసేమో. ఇనుప రేకు బదులు అల్యూమినియం కలిపిన లోహంతో పోతపోసి మెరుగు పెట్టిన చక్రం అది. ఆ ఎండాకాలం గఫూర్ సాబ్ అలాంటివి నాలుగు తెచ్చి నా ప్రాణం తీశాడు.

ఆయనకు బండల పాలిషింగ్ మిల్లు ఉండేది. మంచివాడే, కాని మిల్లులో నడిచిన ఉపాయం లోకమంతా నడుస్తుందని గట్టి నమ్మకం. ఆ చక్రాలు బావమరిది బొంబాయి పాత సామాన్ల బజారులో కొని, వెడల్పు టైర్లతో సహా రైల్లో పంపినవి. పెద్ద బిడ్డ షాహీన్ కాన్పుకొచ్చి పుట్టింట్లో ఉంది. చిల్లా, అంటే కాన్పు తర్వాతి నలభై రోజులు, శుక్రవారంతో నిండుతుంది. ఆ రోజు ఆమెనూ పసిపిల్లనూ వికారాబాద్‌లోని అత్తారింట్లో దింపాలి. తన పాత అంబాసిడర్ తళతళలాడే చక్రాలతో వియ్యంకుడి గుమ్మం ముందు ఆగాలని ఆయన ముచ్చట.

బుధవారం చక్రాలు పెట్టి చూశాను. బోల్టులు కూర్చునే వృత్తం కొలతను మేం పీసీడీ అంటాం. అదొక్కటే కుదిరింది. టైరు వెడల్పెక్కువై లోపలి వైపు రాసుకుంటోంది. పైగా అల్లాయ్ చక్రం ఇనుప చక్రం కన్నా మందం. దాంతో పాత నట్టుకు బోల్టు కొసే అందుతోంది.

"సాబ్, గీ టైర్లు వద్దు. గింతకన్న సన్నయి ఎక్కియ్యాలె. నట్లు గూడ మెడ పొడుగున్నయి కావాలె. హైదరాబాద్‌కెళ్లి తెప్పిస్త, జర నాలుగు రోజులు ఆగుండ్రి" అన్నాను.

"ఎల్లుండే శుక్రవారం! నట్టు ఎక్కిందా లేదా నర్సింలు?"

"ఎక్కింది. మూడు చుట్లే పట్టింది. గది సరిపోదు."

"మా మిల్లుల పెద్ద పెద్ద మిషన్లనే గట్ల ఆపుతం. నువ్వు ఊకె ఫికర్ జేస్తవ్."

నాకు ఒళ్లు మండింది. "అయితే మీ మిల్లులనే బిగించుకోండ్రి!" అన్నాను. ఆ మహానుభావుడు నిజంగానే బిగించుకున్నాడు.

గురువారం సాయంత్రం నా దుకాణం ముందు హారన్ కొట్టుకుంటూ వెళ్లాడు. టైర్లు మడ్గార్డు దాటి బయటికొచ్చి ఉన్నాయి. మిల్లులో మిషను వంకరగా కూర్చుంటే కింద రేకుముక్క దూర్చి సరిచేస్తారు. అదే ప్యాకింగ్. టైరు రాసుకోకుండా చక్రం వెనక కూడా ఇనుప రింగులు దూర్చాడన్నమాట! చక్రం ఆ మేరకు బయటికి జరిగితే నట్టుకు దొరికే మూడు చుట్లలో ఇంకేం మిగులుతుంది? చూడగానే నాకు అర్థమైంది. పరుగెత్తి ఆపాల్సింది. "చెప్పినప్పుడు విన్నాడా?" అనుకుని ట్యూబు మీదికి వంగాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

శుక్రవారం నమాజు తర్వాత వాళ్లు బయలుదేరారు. రెండు గంటలు గడిచాయో లేదో వికారాబాద్ వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరు దుకాణం ముందు ఆగాడు.

"అనంతగిరి మలుపు కాడ గఫూర్ సాబ్ బండి చక్రం ఊడింది. నిన్ను రమ్మంటున్నడు."

"పసిపిల్ల?"

"మంచిగనే ఉంది. ఎక్కుడు మీద మెల్లగ పోవుడు అయ్యింది, లేకుంటే లోయల పడుదురు."

మిల్లుకు పోయి పాత చక్రాలు, నట్లు ఒక జీపులో వేసుకుని వెళ్లాను. దారి పొడవునా గఫూర్ సాబ్‌ను తిట్టాను. తీరా చూస్తే కారు వెనక భాగం రోడ్డు అంచున, గట్టురాయికి ఆనుకుని ఉంది. గఫూర్ సాబ్ ఊడిన చక్రాన్ని పట్టుకుని నిలబడ్డాడు. నేను పాత చక్రాలు ఎక్కిస్తుంటే షాహీన్ పిల్లను దుపట్టాలో చుట్టుకుని దగ్గరికొచ్చింది.

"చాచా, గీ చక్రం ఊడుతదని మీకు ముందే ఎర్కనా?"

"ఎర్కే బిడ్డా. మీ అబ్బాకు చెప్పిన, ఇనలే."

"అబ్బా ఎవ్వరి మాట ఇనడు, గది ఊరంత ఎర్కే. బండిల కూసునేది నేను గదా. నాకెందుకు చెప్పలే? మా ఇల్లు మీ దుకాణానికి ఎంత దూరం చాచా?"

నాలుగిళ్లు. స్పానరు పట్టుకుని నట్లు మళ్లీ మళ్లీ బిగించాను.

తర్వాత మెడ పొడుగు నట్లూ, సన్న టైర్లూ తెప్పించి ఆ చక్రాలే ఎక్కించాను. కొంత దూరం తిరిగాక మళ్లీ పిలిచి బిగించాను కూడా. అప్పటి నుంచి ఎవరు కొత్త చక్రాలు తెచ్చినా, కొలతలు తీసే ముందు బండిలో ఎవరెవరు కూర్చుంటారని అడిగేవాణ్ణి. యజమాని మొండికేస్తే కోపం రాక మానేది కాదు. కాని ఆ కోపంతోనే లేచి, బండెక్కేవాళ్లకు చెప్పడానికి వాళ్లింటి దాకా నడిచేవాణ్ణి.