శిస్తు ఆమెది, రసీదు ఆయనది

మా వీధి కుట్టు టీచరుగారు మంగళవారం ఉదయం పోయారు. ఉబ్బసం. రాజోలు ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి రిక్షా వచ్చేసరికే ఊపిరి ఆగిపోయిందని ఆమె చెల్లెలు చెప్పింది.

మిషన్ బడిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేవారు. ఉద్యోగం పర్మినెంటు కాలేదు, పింఛను లేదు. కుట్టడం పూర్తయ్యాక గుడ్డను రెండు చేతులతో గట్టిగా లాగి చూసేవారు. "మన చేతుల్లో తెగితే పర్లేదమ్మా, వాళ్ళ ఒంటిమీద తెగకూడదు" అని పిల్లలకు చెప్పేవారు. మా ఇంట్లో చొక్కాలన్నీ ఆమె కుట్టినవే. చిరుగులు కుట్టిపెడితే డబ్బు పుచ్చుకునేవారు కాదు.

పందొమ్మిదివందల డెబ్బైల నడుమ ఆమెకు విడాకులయ్యాయి. భరణానికి బదులు నలభై సెంట్ల కొబ్బరితోట ఇస్తానని భర్త ఒప్పుకున్నాడు. చర్చి పెద్దల ముందు తెల్లకాగితం మీద రాసుకున్నారు. రిజిస్టరు చేయించలేదు. రెండు నెలలకోసారి కాయ దింపిస్తే వచ్చే సొమ్ముతోనే ఆమెకు గడిచేది.

పట్టా పేరు మార్పించుకోవడానికి కరణంగారింటికి వెళుతూ నన్ను తోడు రమ్మన్నారు. పత్రికకు రాసేవాణ్ణి గనుక నేనుంటే పని అవుతుందని ఆమె నమ్మకం. కరణంగారు మర్యాదగానే మాట్లాడారు. అర్జీలో కారణం రాయాలి, ఊళ్ళో దండోరా వేయించాలి అన్నారు.

"ఏమని వేయిస్తారండీ?" అని ఆమె అడిగారు.

"ఫలానా వారికి విడాకులయ్యేయి, తోట ఆవిడ పేర మారుతోంది, అభ్యంతరాలుంటే చెప్పుకోమని. మామూలేనండీ."

మంచం పట్టిన తల్లి అప్పటికి బతికే ఉంది. ఆమెకు కూతురి విడాకుల సంగతి చెప్పలేదు. డప్పు ఆ ఇంటి ముందునుంచే వెళ్ళాలి.

"వద్దులెండి. శిస్తు నేనే కట్టుకుంటాను. పేరెవరిదైతే ఏంటండీ."

"ఆయ్, కట్టుకోండి. రసీదు మాత్రం పట్టాదారు పేరునే ఇస్తాను."

నేను పక్కనే ఉన్నాను. అదే నయమనుకుని ఊరుకున్నాను.

పదకొండేళ్ళు ఒక్క ఏడాదీ బకాయి పడకుండా కట్టారు. తల్లి పోయాక, ఇప్పుడైనా మార్పించుకోండని ఒకసారి అన్నాను. "ఇన్నేళ్ళయ్యేక ఆ సంగతి మళ్ళీ డప్పేసి చెప్పించుకోమంటారా?" అన్నారు.

కరణాల పద్ధతి పోయి రికార్డులు మండలాఫీసుకు చేరాక, భర్త తోట అమ్మేశాడు. కొన్నవాళ్ళు దింపు కూలీలను తీసుకొచ్చిన రోజునే ఆమెకు తెలిసింది.

దావా వేశారు. తెల్లకాగితం చెల్లదని కోర్టు అంది. ఆమె రసీదులన్నీ దాఖలు చేశారు. అన్నిటి మీదా భర్త పేరే ఉంది. ఇన్నేళ్ళూ శిస్తు కట్టింది తమ వాడేననడానికి అవతలి ప్లీడరు ఆ రసీదులనే చూపించాడు. కరణంగారు సాక్ష్యం చెప్పడానికి అప్పటికి లేరు. నా సాక్ష్యం నిలవలేదు. దావా పోయింది.

కోర్టు బయట టీ బడ్డీ దగ్గర భర్త నలుగురికీ వినబడేలా అన్నాడు: "పదకొండేళ్ళు నా శిస్తు కట్టిపెట్టిందండీ మా ఆవిడ. ఎవరికుంటుందండీ ఇంత అదృష్టం?" ఇద్దరు నవ్వారు. ఆమె చెప్పులేసుకుని బస్సు వైపు నడిచారు.

ఇదంతా పత్రికలో రాస్తానన్నాను. "రాయకండి బాబుగారూ. దండోరా వద్దనే కదండీ ఇంతదాకా తెచ్చుకున్నాను" అన్నారు. రాయలేదు. ఆ తర్వాత మూడేళ్ళు అద్దె మిషను మీద రవికెలు కుట్టి బతికారు. దగ్గు వచ్చినప్పుడు తొక్కడం ఆపి, తగ్గాక మళ్ళీ తొక్కేవారు. మందులకు డబ్బుందా అని నేను అడిగిన ప్రతిసారీ ఉందనే చెప్పారు. లేదని ఇప్పుడు తెలిసింది. ఇవాళ రాస్తున్నాను. పేరు మాత్రం రాయడం లేదు.

సమాధుల దొడ్డికి దారి ఆ తోట పక్కనుంచే. బుధవారం పెట్టె మోసుకుని వెళుతుంటే లోపల దింపు జరుగుతోంది. మమ్మల్ని చూసి చెట్ల మీది మనుషులు కత్తులు ఆపారు. మేము మలుపు తిరిగేదాకా అలాగే ఉండిపోయారు. ఆ తర్వాత మా వెనక కాయలు ఒక్కొక్కటే నేలమీద పడడం వినిపించింది.