గడియ వేసే డాక్టరమ్మ

ఏలూరు డాక్టరమ్మగారు కోపమొస్తే గొంతు పెంచేవారు కాదు, లేచి గది తలుపు గడియ వేసేవారు.

ఎండ తగిలితే ఒళ్లు కమిలిపోయే మా పాపను చూపించడానికి వెళ్లాం. “కైకలూరులో చేపల చెరువుల మధ్య ఉండి కూడా మా కోడలు బిడ్డకి సరిగ్గా పెట్టదండీ,” అన్నారు అత్తగారు. నాకు ఒళ్లు మండిపోయింది. అత్తగారు తెచ్చిన చేపల పులుసు క్యారియర్ని డాక్టరమ్మ వరండాలో పెట్టించి, గడియ వేశారు.

“పులుసు తెచ్చారు కదండీ, లోపలికెందుకు రాలేదు?” అని అత్తగారిని అడిగారు.

“మీరే గడియేశారు కదండీ!”

“ఈ అమ్మాయి పెట్టిన తిండీ అంతేనండీ. అరిగాక అమైనో ఆమ్లాలవుతుంది. వాటిలో కొన్నిటిని పేగు కణాల్లోకి చేరవేసే ప్రోటీను పాపకి పుట్టుకతోనే పనిచెయ్యట్లేదు. అందుకే ఎండకి ఒళ్లు కమిలిపోతోంది. తల్లినంటారేం?”

మర్నాడు అరుగు మీద కూర్చుని, అత్తగారు పక్కింటావిడతో మళ్లీ అదే పాట అందుకున్నారు. నేను లేచి వీధి తలుపు గడియ వేశాను.

“ఏమ్మాయ్, నేనింకా బయటే ఉన్నాను!”

“తెలుసండీ.”